తిన్నాక చెప్పే మాట

“ఒక గంట కూచోండమ్మా, రిపోర్టు వస్తాది” అని చెప్పి, వేలెడంత గొట్టంలో కుక్కపిల్ల బొరుగు రక్తం పట్టుకుని కాంపౌండరు ఓబుళేశు లోపలి గదిలోకి పోయాడు. ఉదయశ్రీ కూచుంది. కూచోమంటే కూచోవడం, లెమ్మంటే లేవడం ఆమెకు నాలుగేళ్లుగా బాగా అలవాటైపోయిన పని. వైశాఖ మాసం, అందులోనూ కడప, పైగా మిట్టమధ్యాహ్నం. ఎర్రముక్కపల్లి సందులోని ఆ కుక్కల ఆస్పత్రి వరండాలో ఫ్యాను తిరుగుతోందంటే తిరుగుతోంది, అంతే. అది విసిరేది గాలి కాదు, పొయ్యి పక్కన కూచుంటే తగిలే సెగ. ఇనుప బెంచీ చీర మీంచి కూడా కాలుతోంది. కాలుతోందని తెలుస్తోంది గానీ జరిగి కూచోవాలని అనిపించలేదు. తెలియడం వేరు, అనిపించడం వేరు. ఈ రెండింటి మధ్యా ఎవరో గోడ కట్టేసి పోయారు. నిన్న పొద్దున పెరట్లో బొరుగు నెత్తురుగా విరేచనం చేసుకుని ఆ మడుగులోనే పడుకుని ఉంటే, అత్త చెన్నమ్మ గుండెలు బాదుకుంది, కూతురు శ్రీవాసవి గోడకు కరుచుకుపోయి వణికింది, ఉదయశ్రీ మాత్రం పాత తువ్వాలు ఏదుందా అని బీరువా వెతికింది. మంచి తువ్వాలు పాడవుతుందని ఆలోచించింది కూడా. అబ్బ, ఏం మనిషివే నువ్వు అని తనను తాను తిట్టుకుందామనుకుంది, ఆ తిట్టూ రాలేదు.

బొరుగంటే మూడు నెలల కుక్కపిల్ల. తెల్లగా, ఎత్తుకుంటే బరువే తెలియకుండా ఉంటుందని శ్రీవాసవి పెట్టిన పేరు. అంగడివాళ్ల పిల్ల కదా, దానికి తోచేవి అంగడి సరుకుల పేర్లే. మొదట బెల్లం అని పెడతానంది, రంగు కుదరలేదని మానుకుంది. బద్వేలులో వాళ్లది చిల్లర అంగడి. అందులో పప్పులూ చింతపండూ బొరుగుల మూటలూ, ఒక మూలన బల్ల మీద ఉదయశ్రీ భర్త ప్రదీప్‌కుమార్ ఫోటో. ఫోటోకు దండ మారుస్తుంది, దీపం పెడుతుంది, సాయంత్రం దుమ్ము తుడుస్తుంది. పనిగా చేస్తుంది. పిల్ల పదకొండేళ్లది, తండ్రి పోయాక మాటలు తగ్గించేసింది, కుక్కపిల్ల వచ్చాక దానితో వసపిట్టలాగా వాగుతోంది. తలుపు సందులోంచి వినడమే తప్ప ఉదయశ్రీ ఆ కబుర్లలో ఎప్పుడూ కలవలేదు. మనుషులకు చెప్పనిదేదో కుక్కకు చెప్పుకుంటోంది, చెప్పుకోనీలే అనుకుంది. ఇప్పుడా కుక్కే లోపల, తలుపు మీద ‘లోపలికి రాకూడదు’ అని ఎర్ర అక్షరాలు రాసిన గదిలో, ముందు కాలికి సెలైను గొట్టంతో పడుకుని ఉంది. అంటుజబ్బు, అందుకే ఎవరినీ రానివ్వరు. ఓబుళేశు లోపలికి పోయినప్పుడల్లా కాళ్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుంటున్నాడు, బయటికి వచ్చినప్పుడల్లా బ్లీచింగ్ నీళ్లల్లో చెప్పులు తడుపుతున్నాడు. ఆ వాసన ముక్కులోకి పోయి అక్కడే కూచుంది, పోనంటోంది.

నిన్న డాక్టర్ శివాని ఓపిగ్గానే చెప్పింది. చిన్న పిల్ల, ముప్ఫయ్ కూడా ఉండవేమో, మాట మాత్రం నెమ్మదిగా, మనిషి అర్థం చేసుకునేదాకా ఆగి చెబుతుంది. ఇది పార్వో అనే వైరస్‌తో వచ్చే జబ్బండి, పేగుల్ని కొడుతుంది, ఎముకల్లో రక్తం తయారయ్యే చోటును కూడా కొడుతుంది, అందుకే తెల్లకణాలు పడిపోతాయి, అవి లేకపోతే ఇంట్లో కాపలా లేనట్టే, పేగుల్లోని క్రిములన్నీ రక్తంలోకి దూరతాయి. రక్తంలో ఆల్బుమిన్ అని ఒక మాంసకృత్తు ఉంటుంది, పుండైన పేగుల్లోంచి అది కారిపోతుంది. ఇంకొకటి సీఆర్‌పీ, ఒంట్లో మంట ఎంత ఉందో అది చెబుతుంది. ఒక్క రోజు అంకె చూసి నేనేమీ చెప్పలేను. రేపు మళ్లీ రక్తం తీస్తాను, తెల్లకణాలు లేచి, సీఆర్‌పీ దిగితే బతికినట్టే అనుకోవచ్చు, అలా కాకపోతే... అని అక్కడ ఆపింది. ఉదయశ్రీ తల ఊపింది. అన్నిటికీ ఊపింది. లోపల ఒకే ఒక్క మాట దగ్గర ఆగిపోయి ఉంది. సీఆర్‌పీ. ఇదేమిటి, కుక్కలకూ ఉంటుందా సీఆర్‌పీ, అనుకుంది. ఆ మాట మనుషులదనీ, ఆ ఏడాదిదనీ, ఆ ఏడాదితో పాటు పోయిందనీ ఆమె లెక్క. చచ్చిపోయాడనుకున్న మనిషెవరో సంతలో ఎదురైనట్టయింది.

ఆ కరోనా ఏడు అందరూ డాక్టర్లయిపోయారు కదా. వీధిలో కూరగాయల బండి దగ్గర కూడా అదే చదువు, మా ఆయనకింత, మీ మామకెంత అని. తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుకుంటూ డీ-డైమర్ పరీక్ష గురించి మాట్లాడుకున్నారు ఆడవాళ్లు. ప్రదీప్‌ను ఇక్కడే, ఈ ఊళ్లోనే, ఒక పెద్దాస్పత్రిలో చేర్చారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు అప్పుడూ. ఆస్పత్రివాళ్లకు ఇచ్చిన ఫోను నంబరు మరిది తేజేశ్వర్‌ది. ఇంట్లో ఏ కాగితం మీదైనా ఆ నంబరే రాయడం అలవాటు, అంగడి నంబరది, గ్యాసు బండకైనా బడికైనా అదే. అందుకని అంకెలన్నీ ముందు తేజేశ్వర్‌కు చేరేవి, వాడి దగ్గర్నుంచి చెన్నమ్మకు, చెన్నమ్మ నోట్లోంచి కాస్త చక్కెర అద్దుకుని ఉదయశ్రీకి. తగ్గిందంట తల్లీ. తగ్గుతాండాదంట. నిన్నటి మీద మేలంట. ఉదయశ్రీ ఆ తగ్గుదలల్ని నమ్ముకుని బతికింది. నమ్మకపోతే ఏం చేసి ఉండేది? ఏమీ చేసి ఉండేది కాదు. నమ్మినందుకు కోపం లేదు. ఎవరి మీదా కోపం లేదు. ఉండాల్సిన చోట తడుముకుంటే చేతికేమీ తగలడం లేదు, అదీ ఆమె బాధ, దాన్ని బాధ అనొచ్చో లేదో కూడా తెలియదు.

పక్క బెంచీ మీద కూచున్నాయన ఎర్రగుంట్ల సిమెంటు లారీ డ్రైవరు పరమేష్ అట, ఊరకుక్క పిల్లను గోనెసంచిలో పెట్టుకుని టీకా సూది వేయించడానికి వచ్చాడు. ఊరికే కూచోలేని మనిషి. “మీ కుక్కకు ఏమైందమ్మా?” అన్నాడు. చెప్పింది. వాడు గబుక్కున సంచి ఎత్తుకుని వరండా ఆ చివరకు పోయి నిలబడ్డాడు. “తప్పుగా అనుకోవద్దమ్మా, ఇది శానా చిన్నది” అన్నాడు అక్కడినుంచే. తప్పేముంది. నాలుగేళ్ల కిందట వాళ్ల ఇంటి ముందు నుంచి మనుషులు అలాగే పక్కకు తప్పుకుని పోయేవాళ్లు, పాలవాడు ప్యాకెట్టు గడప మీదికి విసిరేవాడు. “రెండో సూది ఏపిచ్చలేదామ్మా?” అన్నాడు పరమేష్ మళ్లీ. వేయించలేదు. వేయించాల్సింది ఆబ్దికం వారంలోనే. తద్దినం పనులు నెత్తిన పెట్టుకుని కుక్కను ఎత్తుకుని కడపకు ఎవరు పోతారు, అయిపోయాక చూద్దాం అన్నారు అందరూ, ఉదయశ్రీ కూడా అంది. ఆబ్దికం నాటి సాయంత్రం చెన్నమ్మ పుట్టింటి ఆచారం ఒకటుంది, భైరవుడి ముద్ద. పోయినవాళ్ల పేరు చెప్పి నెయ్యన్నం ముద్దలు విస్తట్లో పెట్టి వీధికుక్కలకు వేస్తారు. ఈసారి చెన్నమ్మ, ఇంట్లో భైరవుడు ఉండగా ముందు వానికి పెట్టకుండా వీధివాటికి పెడతామా అని, బొరుగును ఎత్తుకుపోయి వీధికుక్కల మధ్యనే దింపింది. దానిలో కొడుకును చూసుకుందో ఏమో. అన్నీ ఒకే విస్తట్లో మూతులు పెట్టాయి. అందులో ఒక గోధుమరంగు పిల్ల నిలబడలేక తూలుతూ తినడం ఉదయశ్రీ చూసింది. ఎండకేమో అనుకుంది. ఆ వారం దాటకుండానే బొరుగు పాలు వదిలేసింది. ఎవరి తద్దినానికి పెట్టిన ముద్ద ఎవరి ప్రాణం మీదికి తెచ్చిందో చూడు అని ఇంట్లో ఒక్కరూ పైకి అనలేదు. చెన్నమ్మ మాత్రం నిన్నటినుంచి వంటకు తప్ప పూజగదిలోంచి బయటికి రావడం లేదు.

లోపల ఎక్కడో ఫోను మోగింది. ఓబుళేశు గొంతు, తగ్గించి, “ఆ సార్, మేడం మీకు చేసినాది గదా సార్... లేదు సార్, ఆయమ్మకు ఏం చెప్పలేదు” అంటోంది. ఉదయశ్రీ విన్నది. విని, ఎదురుగోడ మీద నాలుక బయటపెట్టి నవ్వుతున్న బొమ్మకుక్కను చూస్తూ ఉండిపోయింది. ఈ ఆస్పత్రిలోనూ ఇచ్చింది తేజేశ్వర్ నంబరే. ఇచ్చింది తనే, నిన్న, అడగ్గానే, ఆలోచించకుండా, నోటికి అదే వచ్చింది.

గంటకు పైనే అయ్యాక సందు మొదట్లో మోటారుసైకిలు ఆగింది. తేజేశ్వర్. బద్వేలునుంచి ఈ ఎండలో, అంగడి మూసేసి. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, చేతిలో చిత్రాన్నం పొట్లం, నీళ్ల సీసా. ఆమె పక్కన కూచోలేదు, ఎదురుగా నిలబడి పొట్లం విప్పుతూ, “పొద్దుట్నుంచి ఏమీ తినలేదంట గదా వదినా. ముందు ఇంత తిను” అన్నాడు. ముఖంలోకి చూడలేదు. “తిను. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.”

నిమ్మకాయ వాసన వచ్చింది, తాలింపులో వేగిన శనగపప్పు వాసన వచ్చింది, దాని వెనకే నాలుగేళ్ల కిందటి ఇంకో వాసన వచ్చింది. మామిడికాయ పప్పు. వాళ్ల ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది, మంచి పద్ధతే, ఎవరూ కాదనరు: చావు కబురు చెప్పాల్సి వస్తే ముందు నాలుగు ముద్దలు తినిపించి చెప్పాలి. చెప్పాక పొయ్యి వెలగదు, ఎన్ని పూటలు పస్తో తెలియదు, ఏడవడానికైనా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. దయతో పుట్టిన ఆచారం. ఆ రోజు పొద్దున సీఆర్‌పీ బాగా తగ్గిందని చెప్పింది చెన్నమ్మ. ఇంకో రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారంట, నువ్వు తిను తల్లీ, వాడు వచ్చేటప్పటికి నువ్వు పడిపోతే ఎట్లా అంది. ఎన్ని రోజులుగానో చచ్చిపోయి ఉన్న ఆకలి అప్పుడు లేచింది. అబ్బో, ఏం ఆకలి అది. మామిడికాయ పప్పులో నెయ్యి వేసుకుని కలుపుకుని తిన్నది ఉదయశ్రీ, మారు వడ్డించుకుని తిన్నది, వేళ్లు నాక్కుంది. “ఉప్పు కొంచెం తక్కువైందత్తా” అని కూడా అంది. చెన్నమ్మ లేచిపోయి ఉప్పు తెచ్చి, విస్తరి పక్కన చిటికెడు పెట్టి, మళ్లీ ఎదురుగా కూచుంది. కొడుకు పోయాడని ఆమెకు అప్పటికే తెలుసు. తెల్లవారుజామునే తెలుసు. తెలిసి పప్పు ఉడకేసింది, తాలింపు పెట్టింది, ఉప్పు తెచ్చింది. ఉదయశ్రీ చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకుంటుండగా చెన్నమ్మ చెప్పింది. అందరూ ఏడ్చారు. ఉదయశ్రీకి తేన్పు వచ్చింది. అంతే వచ్చింది. కడుపు నిండుగా, వెచ్చగా, హాయిగా ఉంది, మొగుడు లేడు. ఆ హాయి మీదినుంచి ఏడుపు పైకి రాలేకపోయింది, ఆ రోజూ రాలేదు, దినాల్లోనూ రాలేదు, తర్వాత వెతికినా దొరకలేదు. రాయి గుండె అన్నారు చుట్టాలు. అననీ. శ్రీవాసవినైతే రాయచోటికి, అమ్మమ్మ ఇంటికి పంపేశారు, దినాలన్నీ అయ్యాక ఐస్‌క్రీం కొనిపెట్టి చెప్పారు. ఆ పిల్ల కూడా ఏడవలేదు. ఐస్‌క్రీం పూర్తిగా తిని, పుల్ల ఎక్కడ పారేయాలని అడిగిందట.

“తేజేశ్వరా” అంది ఉదయశ్రీ. “ఎంతంట?”

“ముందు తిను వదినా, చెప్తా.”

“చెప్పు, తర్వాత తింటా.”

తేజేశ్వర్ పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు తోచింది ఉదయశ్రీకి, ఇన్నేళ్లకు: ఆ రోజు ఆస్పత్రినుంచి ఫోను అందుకున్నది వాడు, ఒక్కడే పోయి, ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుని అన్నను చూసింది వాడు, ఒక్కడే అన్నీ జరిపించి వచ్చింది వాడు. వాడికి ఎవరు తినిపించి చెప్పారు? “ఆ పొద్దు నువ్వేమన్నా తిన్నావా?” అని అడిగింది. వాడికి ఏ పొద్దో అర్థమైంది. లేదన్నట్టు తల ఊపాడు. “అమ్మనే అట్ల చెప్పమన్నెది వదినా. నేను నీకు ముందే చెప్పాలనుకున్యా. నాకు ధైర్యం చాల్లేదు” అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లవాడు, ముఖం మాత్రం బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడిలాగా అయిపోయింది. ఉదయశ్రీ పొట్లం తీసుకుని వాడి చేతుల్లోనే తిరిగి పెట్టింది. “నువ్వు తిను. నేను డాక్టరమ్మను అడుగుతా” అని లేచింది. లేచేటప్పుడు బెంచీ కాల్చిన చోట తొడ చురుక్కుమంది. చురుక్కుమంటోంది అనుకుంది.

డాక్టర్ శివాని బల్ల వెనకనుంచి లేచి నిలబడింది. “మీవాళ్లు మీకు తిన్నాక చెప్పమన్నారండి” అంది, ఇబ్బందిగా.

“తెలుసు మేడం. నేనేమీ తినలేదు. చెప్పండి.”

శివాని చెప్పింది. ఏదీ తగ్గించలేదు, చక్కెర అద్దలేదు. తెల్లకణాలు నిన్న రెండు వేలకు కాస్త తక్కువ ఉన్నాయి, ఈ రోజు ఏడు వందలు. ఆల్బుమిన్ ఇంకా దిగింది. సీఆర్‌పీ నిన్నటికి దాదాపు రెట్టింపు. “ఇట్లా రెండూ రెండు వైపులకు పోతుంటే శానా పిల్లలు నిలబడవండి. ఒకటీ అరా నిలబడినవీ ఉన్నాయి, అబద్ధం చెప్పను. మందులు ఆపను. ఈ రాత్రి దాటితే రేపు మళ్లీ చూస్తాను” అంది. అని ఆగి, “మీరు లోపలికి పోయి చూడొచ్చు. ఇంట్లో వేరే కుక్కలు లేవు గదా. ఏప్రాను వేసుకోండి, బయటికి వచ్చాక కాళ్లూ చేతులూ బ్లీచింగ్‌లో కడగండి, చాలు” అంది.

పోవచ్చా? ఉదయశ్రీ ఆ మాటకు సిద్ధంగా లేదు. లోపలికి పోవచ్చునని ఆమెతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఏడు వందలు, రెట్టింపు, అని మనసులో అనుకుంది. మొట్టమొదటిసారి అసలు అంకెలు, ఎవరి నోట్లోంచీ జారి రాకుండా, నేరుగా తన చెవిలోకి వచ్చినవి. అవి చాలా చెడ్డ అంకెలు. వాటితో ఏం చెయ్యాలో తెలియలేదు గానీ అవి తనవి. ఓబుళేశు నీలం ఏప్రాను అందించాడు. అది చేతిలో పట్టుకునే ఉండి, లోపలికి పోకుండా, వరండాలోకి వచ్చి ఫోను తీసి ఇంటికి చేసింది. చెన్నమ్మ ఎత్తింది. “ఎట్లుండాది తల్లీ?” అంది. “పాపకియ్యి అత్తా” అంది ఉదయశ్రీ. “పాప ఇప్పుడే కూచుంది అన్నానికి, తిన్నాక చేయిస్తా...” “అత్తా. ఇయ్యి.” ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. ఫోను చేతులు మారిన గరగర వినపడింది.

“అమ్మా” అంది శ్రీవాసవి.

“పాపా, బొరుగుకు బాగలేదు. రక్తంలో తెల్లకణాలు శానా పడిపోయినాయి. మందులు ఏస్తాండారు. కానీ బతకడం కష్టమన్నారు.”

అటునుంచి ఊపిరి మాత్రం వినిపించింది. ఉదయశ్రీ ఆ ఊపిరిని నింపడానికి ఏదో ఒక తీపి మాట కోసం వెతకబోయి, మానేసింది.

“ఇప్పుడు ఉందా?” అంది పిల్ల.

“ఉంది. నేను లోపలికి పోతాండా దాని దగ్గరికి. చిన్నాయన వచ్చి నిన్ను పిలుచుకొస్తాడు. నువ్వు వచ్చేటప్పటికి ఉంటాదో లేదో నాకు తెలీదు. వస్తావా?”

“వస్తా” అంది శ్రీవాసవి వెంటనే. తర్వాత చాలా చిన్న గొంతుతో, ఇన్నాళ్లూ కుక్కపిల్లకు తప్ప ఎవరికీ వినిపించని గొంతుతో, “ఈసారి బతికున్నప్పుడే చెప్పినావు గదమ్మా” అంది.

ఉదయశ్రీ సమాధానం చెప్పబోయింది. నోరు తెరిచింది, మాట రావలసిన చోటునుంచి ఇంకేదో వచ్చింది, ఖాళీ కడుపులోంచి వచ్చింది. ఆమె వరండాలో అందరి ముందూ గోడకు ఆనుకుని కిందికి జారి, ఫోను చెవికి పెట్టుకునే పెద్దగా ఏడ్చింది. అటువైపు పిల్ల కూడా ఏడుస్తోంది. వరండా ఆ చివర పరమేష్ సంచి పట్టుకుని నిలబడిపోయాడు. తేజేశ్వర్ పొట్లం బెంచీ మీద పెట్టి, బండి తాళాలు తీసుకుని, పిల్లను తేవడానికి సందులోకి పరుగెత్తాడు.